మరాఠీ వార్తలో 'ఠప్ప్' కనిపిస్తే బయలుదేరకండి

వానాకాలంలో మహారాష్ట్రలోని సిరోంచ నుంచి భామ్రాగడ్, గడ్చిరోలి వైపు వెళ్లే మనవాళ్లు ముందు మరాఠీ హెడ్డింగ్ ఒకసారి సరిగ్గా చూడండి. 'వాహతూక్ ఠప్ప్' అంటే రాకపోకలు పూర్తిగా స్తంభించాయని, బండి కదలదని. 'విస్కళీత్' అని ఉంటే అస్తవ్యస్తంగానైనా నడుస్తున్నట్టే, కాస్త టైమ్ చేతిలో పెట్టుకుని వెళ్లొచ్చు. 'వళవలీ' అంటే దారి మళ్లించారు.

కరెంటుకీ, ఆఫీసు పనులకీ కూడా 'ఠప్ప్' అనే రాస్తారు. బేరాల్లేని షాపువాళ్లయితే షట్టర్ తెరిచి కూర్చునే 'ధందా ఠప్ప్' అంటారు, అది వట్టి నిట్టూర్పు! 'బంద్' సంగతి వేరు. అది ఎవరో పిలుపునిచ్చి ఆపించింది కావచ్చు, కాబట్టి ఎన్ని గంటల వరకో బస్ డిపోలో అడగండి.