శక్తిమంతమైన టార్చిలైటుకు రీఛార్జబుల్ బ్యాటరీ ఎలా ఎంచుకోవాలి?

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున పొలాలున్నవారు, బంగారుపాళెం మామిడితోటల్లో కాపలా ఉండేవారు చీకటి పడ్డాక టార్చిలైటు లేనిదే గడప దాటరు. టార్చిని నాలుగు చోట్ల విచారించి కొంటారు. బ్యాటరీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం అట్ట మీద పెద్ద అంకె కనిపించినదాన్ని తెచ్చుకుంటారు. చూడవలసింది ఆ అంకె ఒక్కటే కాదు. టార్చి అడిగినంత కరెంటును ఆ సెల్లు ఇవ్వగలదా అన్నది అంతకంటే ముఖ్యం.

1. టార్చి ఎంత కరెంటు లాగుతుందో లెక్కవేయండి

ఒకే లిథియం అయాన్ సెల్లుతో వెలిగే టార్చి అయితే, దాని వాట్లను సెల్లు వోల్టేజీ అయిన 3.6తో భాగిస్తే ఆంపియర్లు, అంటే కరెంటు ఎంతో వస్తుంది. 10 వాట్ల టార్చికి దాదాపు 3 ఆంపియర్లు చాలు. 30 వాట్లదైతే 8 దాటుతుంది. లోపలి సర్క్యూట్‌లో వృథా అయ్యేది కూడా కలిపి 10 అనుకోండి. పెట్టె మీద ల్యూమెన్లు (వెలుగు కొలత) మాత్రమే ఉంటే, 1000 ల్యూమెన్లకు సుమారు 10 వాట్ల చొప్పున అంచనా వేసుకోవచ్చు.

2. సైజు చూడండి

18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. 21700 అంటే 21 మందం, 70 పొడవు. కరెంటు మితిమీరితే ఆపేసే రక్షణ సర్క్యూట్ అమర్చిన సెల్లు మరికొన్ని మిల్లీమీటర్లు పొడవుంటుంది కాబట్టి, టార్చిని వెంట తీసుకెళ్లి దుకాణంలోనే పెట్టి, మూత బిగించి చూడండి.

3. సామర్థ్యం, కరెంటు రెండూ కలిపి చూడండి

18650 సైజులో నిజాయితీగా దొరికే గరిష్ఠ సామర్థ్యం, అంటే సెల్లులో నిల్వ ఉండే కరెంటు, 3500 మిల్లీ ఆంపియర్ అవర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. 9900 అని రాసి ఉంటే ఆ సెల్లును ముట్టుకోకండి, అది పచ్చి అబద్ధం. అనుమానం వస్తే తూకం వేయించండి. అసలు సెల్లు సుమారు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. చేతిలో బెండులా అనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

నిజమైన సెల్లులలోనూ తేడాలుంటాయి. శాంసంగ్ 35ఇ రకంలో 3500 సామర్థ్యం ఉన్నా నిలకడగా ఇచ్చేది 8 ఆంపియర్లే. 30క్యూ రకంలో సామర్థ్యం 3000కు తగ్గినా 15 ఆంపియర్లు ఇస్తుంది. బోరులో నీళ్లెన్ని ఉన్నా పైపు సన్నదైతే మడి తడవదు కదా! 10 వాట్ల టార్చికి మొదటిది మేలు, గంటకు పైగా వెలుగుతుంది. 30 వాట్లదానికి రెండోదే సరైనది. వెలుగు అరగంట కూడా నిలవదు కనుక మరో సెల్లు దగ్గర ఉండాలి. ఏనుగుల జాడ తెలిసిన రాత్రి మాత్రం ఎంత బలమైన టార్చి ఉన్నా తోటలోకి వెళ్లకండి, అటవీ సిబ్బందికి కబురు చేయండి.

4. ఎవరు అమ్ముతున్నారో చూడండి

పెద్ద కంపెనీలు ఇలాంటి సెల్లులను సెల్లులను కలిపి బ్యాటరీ ప్యాకులు తయారుచేసేవారి కోసమే చేస్తాయి, విడిగా వాడవద్దని హెచ్చరిస్తాయి కూడా. అందువల్ల టార్చి కంపెనీ రక్షణ సర్క్యూట్ పెట్టి తన పేరుతో అమ్మే సెల్లే మనకు క్షేమం. ఆ సర్క్యూట్ ఎన్ని ఆంపియర్ల దగ్గర ఆగిపోతుందో కూడా అడగండి. టార్చి అంతకుమించి లాగితే లైటు ఉన్నట్టుండి ఆరిపోతుంది. లేబుల్ మీద ఐఎస్ 16046 (బ్యాటరీల భద్రతకు భారతీయ ప్రమాణం), దానితోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన సెల్లులు ఎంత చౌకగా వచ్చినా వద్దు.

5. తగిన ఛార్జర్ కొనండి

మామూలు లిథియం అయాన్ సెల్లు 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది. ఛార్జర్ అక్కడ ఆగాలి. కొన్ని పాత పెద్ద టార్చీలలో లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండేది. కరకంబాడిలో అమరరాజా వాహనాలకు తయారుచేసే బ్యాటరీలు కూడా ఆ జాతివే. లెడ్ యాసిడ్ బ్యాటరీల ఛార్జర్‌ను లిథియం సెల్లుకు పెడితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఎండాకాలంలో రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టకండి, 45 డిగ్రీలు దాటిన వేడి ఈ సెల్లులకు పడదు. రెండు సెల్లుల టార్చి అయితే ఒకే రకం, ఒకేసారి కొన్న జతనే ఎప్పుడూ కలిపి వాడండి. పైతొడుగు చిరిగినా, సొట్టపడినా ఆ సెల్లును పక్కన పెట్టేయాలి. అదనపు సెల్లును తాళాలు, చిల్లరతోపాటు జేబులో వేసుకోకుండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. అలాంటి డబ్బాలు బ్యాటరీలమ్మే దుకాణాల్లోనే దొరుకుతాయి.