క్లచ్ ప్లేట్లు తిరిగి ఎక్కించేటప్పుడు

మా పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు ఘాటీ ఎక్కే మోటార్ సైకిళ్లకి క్లచ్ ప్లేట్లు తొందరగా అరుగుతాయి. విప్పడం ఎవరైనా విప్పుతారు, పనంతా ఎక్కించడంలోనే ఉంది.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లని (రాపిడి పొర అంటించినవి) ముందు రాత్రే ఇంజిన్ ఆయిల్లో నానబెట్టండి. పొడివి ఎక్కిస్తే కాలిపోతాయి. మొదట ఫ్రిక్షన్, దాని మీద స్టీలు, అలా మార్చి మార్చి వేసి, చివర మళ్లీ ఫ్రిక్షనే రావాలి.

అసలు ఓపిక ఇక్కడ కావాలి: హబ్బూ (ప్లేట్లు కూర్చునే మధ్య భాగం), ప్రెషర్ ప్లేటూ (వాటిని పైనుంచి నొక్కేది) ఒకదాంట్లో ఒకటి పూర్తిగా కూర్చోవాలి. వేళ్లతో నొక్కుతూ కొంచెం అటూ ఇటూ తిప్పండి, టక్కుమని దిగుతుంది. దిగకుండా బోల్టులు లాగారా, ప్లేటు పగిలిందే!

స్ప్రింగు బోల్టులు ఎదురెదురువి, అరచుట్టు చొప్పున బిగించండి. మా కుర్రాళ్లు పెద్ద పానా వేసి లాగేస్తుంటే నాకు ప్రాణం ఒప్పదు. అల్యూమినియం మరలు ఊడొచ్చేస్తాయి.

గ్యాస్కెట్ కొత్తదే వెయ్యండి. ఆయిల్ జాసో ఎంఏ రకం, అంటే ఆయిల్లో తడిసే బైకు క్లచ్‌కి సరిపోయేది, పొయ్యండి. కారు ఆయిల్‌తో క్లచ్ జారొచ్చు. క్లచ్ లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు చాలా బళ్లకి సరిపోతుంది.