అడవి మట్టి వదిలే కార్బన్‌ను సీసాలో కొలవడం ఎలా?

తొలకరి పడిన రోజే ఎండిన అడవి మట్టి నుంచి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఎండకు చచ్చిన సూక్ష్మజీవులు, తడికి విచ్చిన పెళ్లల్లోంచి బయటపడ్డ సేంద్రియ పదార్థం మిగిలినవాటికి మేతవుతాయి. 1958లో దీన్ని వివరించిన మట్టి శాస్త్రవేత్త బిర్చ్ పేరే దీనికి స్థిరపడింది. కాబట్టి తడిపాక మొదటి 24 గంటల కొలత వదలకూడదు.

నల్లమల లాంటి ఆకురాల్చే అడవిలో, అటవీ శాఖ అనుమతితో, పైనున్న ఆకుతుక్కు తొలగించి 10 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీయండి. చెట్టు కింద ఒకటి, ఆకు నిలవని బోడి నేలలో ఒకటి. వేర్లు ఏరి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి నీడన ఆరబెట్టండి. ఓవెన్‌లో పెడితే జీవం చస్తుంది. తేమ లెక్కకు కొద్దిగా మాత్రమే తీసి 105 డిగ్రీల వద్ద ఎండబెట్టాలి.

గరాటులో వడపోత కాగితం వేసి మట్టిని బాగా తడపండి. నీరు కారడం ఆగాక తూచండి. 100 గ్రాముల పొడి మట్టి 40 గ్రాముల నీరు పట్టుకుంటే, 50 గ్రాములకు నిండు తేమ 20 మిల్లీలీటర్లు. మూడు తేమల్లో కొలుస్తాం: నిండు తేమలో 20 శాతానికి 4 మిల్లీలీటర్లు, 60కి 12, 90కి 18. ఆరిన మట్టిలో అప్పటికే ఉన్న తేమను ఇందులోంచి తీసేయండి.

లీటరు సీసాలో 50 గ్రాముల మట్టి వేసి లెక్కకట్టిన నీరు పోసి, పక్కనే చిన్న గాజు కప్పులో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే 0.5 నార్మల్ (గాఢత కొలమానం) సోడియం హైడ్రాక్సైడ్ 10 మిల్లీలీటర్లు పెట్టి గట్టిగా మూయండి. ఒక్కో తేమకు మూడు సీసాలు, మట్టి లేనివి మరో మూడు. 25 డిగ్రీల చీకట్లో ఉంచండి. 1, 3, 7, 14 రోజులకు కప్పు మార్చి, కాసేపు గాలి ఆడనిచ్చి, తరిగిన నీరు తూకం చూసి పోయండి.

తీసిన కప్పులో 1 మోలార్ (ఇదీ గాఢత కొలమానమే) బేరియం క్లోరైడ్ 5 మిల్లీలీటర్లు పోస్తే తెల్లని అవక్షేపం వస్తుంది. క్షారంలో గులాబీగా మారే సూచిక ఫినాఫ్తలీన్ రెండు చుక్కలేసి, గులాబీ రంగు పోయేదాకా 0.5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదలండి. ఖాళీ సీసాకు 9.6, మట్టి సీసాకు 6.2 మిల్లీలీటర్లు పడితే: తేడా 3.4 × ఆమ్లం గాఢత 0.5 × కార్బన్ తుల్యభారం 6 = 10.2 మిల్లీగ్రాముల కార్బన్. కప్పు ఆరుబయట ఉంటే గాలిలోని వాయువునూ పీల్చి లెక్క పెంచుతుంది. బేరియం విషం, సోడియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాల్చేస్తుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

సాధారణంగా 60 శాతం దగ్గరే ఎక్కువ వస్తుంది. 20 వద్ద నీటిపొర తెగి మేత అందదు, 90 వద్ద రంధ్రాలు నిండి ఆక్సిజన్ అందదు. బోడి నేల మట్టి 60 వద్దా తక్కువే ఇస్తే అర గ్రాము ఆకుపొడి కలిపి చూడండి. పెరిగితే కొరత మేతదే, తేమది కాదు.

ముందే మట్టిపై ఆమ్లం చుక్క వేసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉంది, సీసాలోకి వచ్చే వాయువంతా జీవులదని లెక్కేయకూడదు.