జె (J) ప్రోగ్రామింగ్ భాష, 5వ పాఠం: పేరు పెడితే జవాబు ఎందుకు మారింది?

పోయినసారి అమీర్‌పేట ఆటో ఛార్జీలు మూడిచ్చి సగటు కట్టమన్నాను. 60 రావాలి. చాలామందికి 0.333333 వచ్చింది. కొత్త పాఠం వచ్చేవారం చూద్దాం, ముందు ఇది తేలాలి.

+/ % # 40 60 80
0.333333

జె కుడి నుంచి లెక్క కడుతుంది. # అంశాలు లెక్కపెట్టి 3 ఇచ్చింది. ఎడమన ఏ సంఖ్యా లేదు కాబట్టి % (భాగహారం గుర్తు) ఆ 3ని తలకిందులు చేసి 1/3 ఇచ్చింది. అన్నిటినీ కూడే +/ చేతికి మిగిలింది ఆ ఒక్క భిన్నమే. ఛార్జీలు మొదటి అడుగులోనే పోయాయి.

సగటు =: +/ % #
సగటు 40 60 80
60

(పేర్లు మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి, జె తెలుగు పేర్లు తీసుకోదు.)

"పేరున్న చోట అవే గుర్తులు పెడితే అదే జవాబు రావాలి కదండీ" అని అడిగారు. రాదు. ఈ అపోహ వదలకపోతే ముందుకు సాగలేరు. పేరు పెట్టే గుర్తు =: కుడిపక్క డేటా లేదు, ఉన్నవి మూడు వెర్బులే (డేటా మీద పనిచేసే గుర్తులు). అవి కలిసి ఒక ఫోర్క్ అయ్యాయి: రెండు కొసల్లో ఉన్నవి (+/, #) విడివిడిగా డేటా మీద పనిచేస్తాయి, మధ్యది ఆ రెండు జవాబులనూ కలుపుతుంది, అంటే 180 % 3. పేరు పెట్టింది ఆ కట్టిన మూటకు, గుర్తుల వరసకు కాదు. పేరు వద్దనుకుంటే బ్రాకెట్లు తప్పవు: (+/ % #) 40 60 80.

రెండు వెర్బులైనా అంతే. - సగటు 40 60 80 అంటే _60 (జెలో సంఖ్య ముందు _ ఉంటే మైనస్). అదే (- సగటు) 40 60 80 అయితే హుక్: ప్రతి ఛార్జీలోంచి సగటు తీసేసి _20 0 20 ఇస్తుంది. >./ - <./ (అన్నిటికంటే పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడం) కూడా ఇదే దారి: పేరు పెడితే 40, నేరుగా కొడితే _40.

నేనైతే ప్రతి ఫోర్కుకూ పేరు పెడతాను. బ్రాకెట్లు వెతుక్కుంటూ చదవడం నాకు నచ్చదు.

ఇంకొక్కటి. నిర్వచనంలో వాడిన పేరు నౌన్ (అంటే డేటా) అయితే దాని విలువ అప్పుడే తీసుకుంటుంది. వెర్బ్ అయితే పేరుగానే ఉంచి, నడిపేటప్పుడు వెతుకుతుంది.

అభ్యాసం, కంప్యూటర్ ముట్టకుండా కాగితం మీద:

లెక్క =: #
సగటు =: +/ % లెక్క
లెక్క =: >./
సగటు 40 60 80

తర్వాత లెక్క =: 3 అని మార్చి, సగటు =: +/ % లెక్క అని మళ్లీ రాయండి. ఇప్పుడు సగటు వెర్బా, నౌనా? దాని విలువెంత? కారణంతో సహా రాయండి.