పాత సీడీ, బూట్ల డబ్బాతో సూర్యుడి గీతలు చూడటం ఎలా?

గుంటూరు అనగానే అందరికీ మిర్చి గుర్తొస్తుంది. నాకు దాంతోపాటు ఒక పసుపు గీత కూడా గుర్తొస్తుంది.

1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. దానికోసమే ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త అక్కడికి వచ్చాడు. చంద్రుడు సూర్యుణ్ని పూర్తిగా కప్పేసిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎగసిన ఎర్రని జ్వాలల వెలుగును తన పరికరంలో విడదీసి చూశాడు. ఏడు రంగులూ వరసగా పరుచుకోలేదు, విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు బాగా వేడెక్కిన వాయువన్నమాట. ఇంత ప్రకాశంగా ఉన్న గీతలు గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అని ఆయనకు తోచింది. మర్నాడు చూస్తే నిజంగానే కనిపించాయి!

ఈ సంగతి తెలియకుండానే అదే ఏడాది అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ అనే శాస్త్రవేత్త కూడా అదే పని చేశాడు. వేడెక్కిన వాయువులో ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి. ఆ గీతల్లో ఒక పసుపు గీత ఉంది. సోడియం గీతల పక్కనే ఉంది కానీ వాటితో కలవదు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోలేదు. సూర్యుడికి గ్రీకు పేరు హీలియోస్ కాబట్టి ఆ కొత్త మూలకానికి హీలియం అని పేరు పెట్టారు. భూమ్మీద అది విలియం రామ్సే చేతికి చిక్కింది 1895లో. చేతికి దొరకడానికి 27 ఏళ్ల ముందే ఒక మూలకాన్ని వెలుగులో చూశారు!

జాన్సెన్ వాడినలాంటి, వెలుగును రంగులుగా విడదీసే పరికరాన్ని వర్ణపటదర్శిని (స్పెక్ట్రోస్కోప్) అంటారు. అలాంటిదొకటి ఇంట్లో గంటలో చేసుకోవచ్చు.

కావలసినవి: దాదాపు 30 సెంటీమీటర్ల పొడవు, కనీసం 11 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న బూట్ల డబ్బా, పాత సీడీ ఒకటి, షేవింగ్ బ్లేడ్లు రెండు, నల్ల టేపు, స్కేలు. డీవీడీ వద్దు. దాని గాడులు ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి, ఈ కొలతలకు రంగులు కంటిదాకా రావు. సీడీ మీద గాడికీ గాడికీ దూరం 1.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ సన్నని గాడులే వెలుగును రంగులుగా విడదీస్తాయి.

1. ముందు సీడీని కూర్చోబెట్టాలి. డబ్బా పొడవులో ఒక చివర గోడకు సీడీ పై అంచును ఆనించండి. కింది అంచు అదే గోడకు సరిగ్గా 6 సెంటీమీటర్ల దూరంలో అడుగున ఆనాలి. మెరిసే వైపు ఎదుటి గోడను చూడాలి. ఇలా పెడితే సీడీ 60 డిగ్రీల వాలులో ఉంటుంది, కొలిచే పని లేదు. టేపుతో బిగించండి.

2. ఇప్పుడు అసలు పని, వెలుగు వచ్చే సందు. ఎదుటి గోడలో, అడుగు నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తు మధ్యలోకి వచ్చేలా, 3 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు ఎత్తున్న చిన్న కిటికీ కోయండి. దాని మీద రెండు బ్లేడ్లను పదును అంచులు ఎదురెదురుగా, అడ్డంగా అంటించాలి. మధ్యలో రెండు కాగితాల మందమంత సందు చాలు. ఇక్కడ తొందర పనికిరాదు. సందు వెడల్పయితే రంగులు బాగానే కనిపిస్తాయి కానీ గీతలు మాయమవుతాయి. కత్తెరతో కోస్తే అంచు గరుకుగా వస్తుంది, అందుకే బ్లేడు. పిల్లలు చేస్తుంటే ఈ పని పెద్దవాళ్లే చేయాలి. అయ్యాక బ్లేడ్ల బయటి అంచులన్నీ టేపుతో కప్పేయండి.

3. మూతకు, సీడీ ఉన్న చివర నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, రూపాయి బిళ్లంత రంధ్రం చేయండి. మూత పెట్టి, వెలుగు దూరే మూలలన్నీ టేపు వేయండి.

సందును వెలుగు వైపు తిప్పి, రంధ్రానికి కన్ను ఆనించి తిన్నగా కిందికి చూడాలి. రంగుల పట్టీ కనిపిస్తుంది. కనిపించకపోతే తల కొంచెం ముందుకూ వెనక్కూ జరపండి. పట్టీ వెంట నిలువుగా నల్లచారలు ఉంటే సందులో దుమ్ము చేరిందని అర్థం. అసలు గీతలు ఎప్పుడూ సందుకు సమాంతరంగా, అడ్డంగానే ఉంటాయి.

దీన్ని సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకండి. కంటికి చాలా ప్రమాదం. సూర్యుడికి ఎదురు దిక్కున ఉన్న ఆకాశమో, తెల్లని మబ్బో చాలు. అక్కడి నుంచి వచ్చేదీ సూర్యుడి వెలుగే.

ముందు ఇంట్లో దీపాలతో మొదలుపెట్టండి. పాత ఫిలమెంటు బల్బు అయితే తెగని రంగుల పట్టీ. సీఎఫ్‌ఎల్ అయితే విడివిడి గీతలు, వాటిలో ఆకుపచ్చది పాదరసానిది. తెల్ల ఎల్‌ఈడీ అయితే నీలం బలంగా, దాని పక్కన కాస్త వెలితి. కంటికి మూడూ తెల్లగానే ఉంటాయి, డబ్బాలో చూస్తే దేనికదే.

తర్వాత వంటింటికి రండి. పప్పు పొంగి స్టవ్ మీద పడితే నీలి మంట పసుపుగా మారడం చూసే ఉంటారు. ఉప్పులోని సోడియం చేసే పని అది. లైట్లు ఆర్పి, ఒకరు తడి ఉప్పు అంటిన పాత అట్లకాడ కొనను మంట అంచున పట్టుకోవాలి. ఇంకొకరు రెండడుగుల దూరం నుంచి డబ్బాలో చూడాలి. సోడియం గీతలు బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి మన డబ్బాలో ఒకే ఒక్క పసుపు గీతగా చురుక్కున మెరుస్తాయి. ఆ గీత పట్టీలో ఎక్కడుందో బాగా గుర్తుపెట్టుకోండి.

మర్నాడు పట్టపగలు అదే డబ్బాను ఆకాశం వైపు తిప్పండి. కన్ను అలవాటుపడేదాకా ఒక నిమిషం ఆగండి. రంగుల మధ్య సన్నని నల్లగీతలు తేలతాయి. 1814లో జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ ఇలాంటివి వందల కొద్దీ గుర్తించాడు. ఆకుపచ్చలో మెగ్నీషియం గీతలు, నీలం మొదట్లో హైడ్రోజన్ గీత. ఇక పసుపులోకి రండి. నిన్న ఉప్పు మంటలో గీత వెలిగిన చోటే ఇవాళ నల్లగీత ఉంటుంది. సూర్యుడి లోపలి నుంచి వచ్చే వెలుగులో సరిగ్గా ఆ రంగును, పైపొరల్లోని సోడియం పట్టేసుకుంది. మన వంటింటి ఉప్పులో ఉన్నదే అక్కడా ఉంది!

జాన్సెన్ గుంటూరులో చూసిన జ్వాలల్లోని హీలియం గీత ఈ సోడియం గీతకు ఆకుపచ్చ వైపు, ఒకటిన్నర నానోమీటర్ల దూరంలో ఉంటుంది (వెలుగు తరంగాల పొడవును కొలిచే నానోమీటరు, మైక్రాన్‌లో వెయ్యో వంతు). మామూలు పగటి వెలుగులో అది మన డబ్బాకు చిక్కదు. కానీ ఆ నల్లగీత కనిపించినప్పుడు దాని పక్కన ఒక్క క్షణం చూపు నిలపండి. అది ఉండే చోటు అదే.