జిప్పు పోయిందా, తాళం తిరగట్లేదా? పారేసే ముందు ఒకసారి ఇవి చూడండి

మొన్న జూన్‌లో, బడులు తెరిచిన రెండో వారానికే మా పాప స్కూల్ బ్యాగ్ జిప్పు పోయింది. లాగితే రన్నర్ ఆ చివరిదాకా చక్కగా వెళ్తుంది కానీ వెనకాల నుంచి నోరు తెరుచుకుంటూ వస్తుంది. ఇంకా ఏడాది నిండని బ్యాగ్, మళ్లీ కొత్తది కొనాలేమోనని టెన్షన్ పడుతూనే, బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపించాను. ఆయన జిప్పు పళ్ల వైపు చూడనైనా చూడలేదు. రన్నర్‌ని మొదటికంటా లాగి, చిన్న పటకారుతో దాని రెండు పక్కలా ఒక్కో నొక్కు నొక్కి, "ఇప్పుడు వేసి చూడమ్మా" అన్నారు. వేశాను, పడింది. "పళ్లు బాగానే ఉన్నాయి, ఇదే వదులైంది" అని రన్నర్ చూపించారు. డబ్బులేం వద్దన్నా 20 రూపాయలు చేతిలో పెట్టి వచ్చాను.

ఆ రోజు నుంచి ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా ముందు ఒకటే చూస్తున్నాను: తేడా కనిపిస్తున్న చోటే తప్పుందా, లేక దాని పక్కన ఎక్కడో ఉందా? చాలాసార్లు పక్కనే ఉంటోంది. అలా మా ఇంట్లో బాగైనవాటిని ఇక్కడ రాస్తున్నాను. వీటికి పెద్ద సామానేం అక్కర్లేదు, ఒక చిన్న పటకారు, స్క్రూడ్రైవర్, పెన్సిల్, కొవ్వొత్తి ముక్క, పళ్లు కుట్టుకునే చెక్క పుల్ల ఉంటే చాలు.

జిప్పు పడుతోంది కానీ వెనకాల తెరుచుకుంటోంది

రన్నర్‌ని దగ్గరగా పట్టుకుని చూడండి. ఒక వైపు రెండు దారులుంటాయి, విడివిడిగా ఉన్న పళ్ల వరసలు అందులోంచి లోపలికి వెళ్తాయి. రెండో వైపు ఒకటే దారి, కలిసిన పళ్లు అక్కడి నుంచి బయటికొస్తాయి. రెండు వరసల్నీ ఒకదాంట్లో ఒకటి దూరేలా నొక్కేది ఆ రన్నర్ గోడలే. 1917లో గిడియాన్ సండ్‌బ్యాక్ పేటెంట్ తీసుకున్న జిప్పు కూడా ఈ పద్ధతిలోనే పనిచేసేది, ఇన్నేళ్లైనా అసలు కిటుకు అదే. పుస్తకాలు కుక్కేసిన బ్యాగ్‌ని బలవంతంగా మూస్తూ ఉంటే ఆ గోడలు రోజూ వెంట్రుకవాసి చొప్పున విచ్చుకుంటాయి. అప్పుడు రన్నర్ నడుస్తుంది కానీ నొక్కదు. పళ్లు కలవవు, మనకేమో పళ్లు పాడైనట్టు కనిపిస్తుంది.

చేయాల్సింది ఏంటంటే, రన్నర్‌ని పూర్తిగా తెరిచిన వైపుకి తెచ్చి, కలిసిన పళ్లు బయటికొచ్చే కొసన, అంటే ఒకటే దారి ఉన్న వైపున, కుడి అంచు మీద పటకారుతో పైకీ కిందకీ కలిపి మెల్లగా నొక్కండి, తర్వాత ఎడమ అంచు మీద అంతే నొక్కండి. వేసి చూడండి. పడకపోతే ఇంకొంచెం. ఒకేసారి గట్టిగా నొక్కొద్దు, ఈ రన్నర్లు చాలావరకు పోత పోసిన లోహంతో చేసినవి కాబట్టి వంగకుండా పుటుక్కున విరిగిపోతాయి. మరీ బిగుసుకుపోయి నడవకపోతే సన్న స్క్రూడ్రైవర్ కొన దూర్చి కాస్త విప్పండి.

ఇలా రెండు మూడుసార్లు బాగుచేశాక రన్నర్ ఇక నిలవదు, మార్చాల్సిందే. దాని వెనక వైపు తిప్పి చూస్తే చాలావాటి మీద 3, 5, 8, 10 లాంటి అంకె ఉంటుంది. మూసిన పళ్ల వరస దాదాపు అన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందని దాని అర్థం. అయితే అంకె ఒక్కటే కలిస్తే సరిపోదు, జిప్పు రకం కూడా కలవాలి. లోహపు పళ్లా, ఒక్కొక్కటి విడిగా ఉండే ప్లాస్టిక్ పళ్లా, సన్న స్ప్రింగులా చుట్టుకున్న నైలాన్ తీగా అన్నది చూసుకోండి, ఒకదాని రన్నర్ ఇంకోదానికి పట్టదు. బ్యాగ్ రిపేర్ షాపుకి వెళ్లేటప్పుడు పాత రన్నర్ చేత్తో పట్టుకెళ్తే ఈ గొడవే ఉండదు.

పళ్లలో ఒకటి నిజంగానే ఊడిపోతే సంగతి వేరు. ఊడింది కింది కొసకి దగ్గరగా ఉంటే, దాని పైన దారంతో అడ్డంగా నాలుగైదు కుట్లు గట్టిగా వేయండి. రన్నర్ అక్కడే ఆగిపోతుంది, మిగతా జిప్పు మామూలుగా పనిచేస్తుంది. మధ్యలో ఊడితే మొత్తం జిప్పు మార్పించుకోవడమే.

జీన్స్ జిప్పు దానంతట అదే కిందకి జారుతోంది

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ప్యాంటు జిప్పు రన్నర్ లోపల ఒక చిన్న ముల్లు ఉంటుంది. పట్టుకుని లాగే రేకుని కిందకి వాల్చినప్పుడు ఆ ముల్లు పళ్ల మధ్య దిగి రన్నర్‌ని కదలనివ్వదు, పైకెత్తినప్పుడు వదిలేస్తుంది. అంటే రేకు పైకి నిలబడి ఉంటే తాళం పడనట్టే. జిప్పు వేశాక దాన్ని కిందకి వాల్చి చూడండి, చాలావరకు అంతటితో ఆగిపోతుంది. అప్పటికీ జారుతుంటే ముల్లు అరిగినట్టు. కొత్త రన్నర్ వేయించేదాకా రేకు రంధ్రంలో చిన్న కీచైన్ రింగు తొడిగి, దాన్ని ప్యాంటు గుండీకి తగిలించి పైన గుండీ పెట్టేసుకోండి, బయటికి ఏమీ కనపడదు.

జిప్పు బిగుసుగా ఉండి కదలకపోతే కొబ్బరినూనె రాయొద్దు, బట్ట మీద మరకవుతుంది, దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది. కొవ్వొత్తి ముక్కతో పళ్ల మీద రెండువైపులా రుద్ది పది సార్లు తెరిచి మూయండి. లోహపు జిప్పుకి పెన్సిల్ కూడా పనికొస్తుంది. లోపలి గుడ్డ ఇరుక్కుంటే మాత్రం ముందుకి లాగకండి, గుడ్డని పక్కకి లాగి పట్టుకుని రన్నర్‌ని వెనక్కి తేవాలి.

తాళం చెవి దూరుతోంది కానీ తిరగట్లేదు

ముందు తలుపు తెరిచే ఉంచి తాళం తిప్పి చూడండి. ఈ ఒక్క పరీక్షతో సగం సంగతి తేలిపోతుంది.

తెరిచినప్పుడు తిరుగుతోంది, మూస్తే తిరగట్లేదు అంటే తాళానికి ఏ జబ్బూ లేదు, తలుపుది తప్పు. వానాకాలంలో చెక్క తడి పీల్చి ఉబ్బుతుంది, లేదా పై మడత బందు స్క్రూలు వదులై తలుపు కొద్దిగా కిందకి దిగుతుంది. అప్పుడు తాళంలోంచి బయటికొచ్చే బోల్టు ద్వారబంధానికున్న రేకు రంధ్రంలో పడకుండా అంచుకి తగులుతుంది. మాకు పోయిన శ్రావణంలో ఇదే జరిగింది. వచ్చినాయన తాళం మార్చాలన్నాడు, సరే అన్నాం, కొత్త తాళం వేసిన నాలుగో రోజున మళ్లీ అదే బాధ. చివరికి మా అమ్మ కాటుక డబ్బీ తెచ్చింది. బోల్టు కొస మీద కాటుక పూసి, తలుపు మూసి తాళం తిప్పబోయి, మళ్లీ తెరిచి చూస్తే రేకు కింది అంచు మీద నల్లటి గీత, సన్నగా, గోరంత పొడవున. బోల్టు అంత కిందకి దిగిందన్నమాట.

ఇలా తలుపు దిగినప్పుడు ముందు బందుల స్క్రూలు బిగించండి. స్క్రూ ఊరికే తిరుగుతూ బిగుసుకోవట్లేదంటే రంధ్రం పెద్దదైందని అర్థం, రెండు మూడు అగ్గిపుల్లల తలలు తీసేసి ఫెవికాల్‌లో ముంచి అందులో కుక్కి, ఆరాక ఆ పుల్లల్లోకి మళ్లీ స్క్రూ ఎక్కించండి. మా తలుపు దీంతోనే పైకి లేచింది. అప్పటికీ కాస్త తగులుతుంటే కాటుక గీత పడిన మేర రేకుని ఆకురాయితో అరగదీస్తే సరిపోతుంది. వానల్లో ఉబ్బిన తలుపుని మాత్రం తొందరపడి చిత్రిక పట్టించకండి, ఎండాకాలం వచ్చేసరికి సందులు తేలతాయి.

తలుపు తెరిచి ఉన్నా తిరగట్లేదా? అయితే రెండో చెవి పెట్టి చూడండి. ఒకటి తిరిగి ఇంకోటి తిరగకపోతే తప్పు చెవిది. డూప్లికేట్‌ని చూసి ఇంకో డూప్లికేట్ చేయిస్తే మొదటిదాంట్లో ఉన్న కాస్త తేడా రెండోదాంట్లో ఇంకాస్త పెరుగుతుంది, అందుకే తాళంతో వచ్చిన అసలు చెవిని ఎవరూ వాడకుండా దాచి, ఎప్పుడు చేయించినా దాన్ని చూపించే చేయించండి. రెండూ తిరగకపోతే లోపల మురికి. మనవాళ్లు తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె చుక్క వేస్తారు, ఆ రోజుకి తిరుగుతుంది కూడా, కానీ వీధి దుమ్ము ఆ నూనెలో కలిసి కొన్నాళ్లకి జిడ్డు ముద్దవుతుంది. లోపలుండే సన్నటి పిన్నులూ స్ప్రింగులూ ఆ ముద్దలో ఇరుక్కుంటాయి. చెవి రెండు పక్కలా, గాళ్లలోకి కూడా వెళ్లేలా మెత్తటి పెన్సిల్‌తో బాగా నల్లగా రుద్ది, లోపల పెట్టి తీసి, తుడిచి, మళ్లీ రుద్ది, ఇలా అయిదారుసార్లు చేయండి. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ పొడిగా ఉండి జారుతుంది, దుమ్ముని అంటించుకోదు.

ఫోన్ ఛార్జింగ్ ఎక్కట్లేదు, వైరు కదిపితే ఎక్కుతోంది

వైరు మార్చేముందు, పిన్ను పూర్తిగా లోపలికి దిగుతోందో లేదో చూడండి. కొత్తలో టక్కుమని పడేది, ఇప్పుడు మెత్తగా ఆగిపోయి వెంట్రుకంత బయటే ఉంటోందంటే రంధ్రం అడుగున ఏదో ఉన్నట్టు. ప్యాంటు జేబులోని నూలు పోగులు ఫోన్‌లోకి దూరుతుంటాయి, మనం రోజూ పిన్ను పెట్టి వాటిని ఇంకా లోపలికి దట్టిస్తాం. మా ఆయన ఫోన్ ఆపేసి, టార్చి వేసి చూస్తూ చెక్క పుల్లతో అంచు వెంబడి మెల్లగా గీకితే, వత్తి ముక్కలా గట్టిపడిన బూడిదరంగు పీచు వచ్చింది, అందులో ఒక తెల్ల దారప్పోగు కూడా ఉంది. దానికోసం అప్పటికే రెండు వైర్లు కొన్నాం. గుండుసూది, పిన్నీసు లాంటి లోహపువి అసలు పెట్టకండి, లోపలి కాంటాక్టులు దెబ్బతింటాయి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. తడిసిన ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టడం కూడా మంచిది కాదు, బియ్యప్పిండి ఇదే రంధ్రంలో చేరుతుంది. రంధ్రం కిందకి ఉండేలా పెట్టి గాలి తగిలే చోట ఆరనివ్వండి.

కళ్లద్దాలు ముక్కు మీద నుంచి జారుతున్నాయి

అందరూ ముక్కు దగ్గరి మెత్తల్ని నొక్కుతారు. కానీ అద్దాల్ని ఆపేది చెవి వెనక వంపే. ఆ వంపు చెవి పై అంచు దాటగానే మొదలవ్వాలి, ఇంకా వెనకెక్కడో మొదలైతే జారుతూనే ఉంటాయి. ప్లాస్టిక్ ఫ్రేము చల్లగా ఉన్నప్పుడు వంచితే విరుగుతుంది, కళ్లద్దాల షాపులో వేడి చేసి వంచి ఇస్తారు, చాలాచోట్ల డబ్బులు కూడా తీసుకోరు. స్క్రూ పదేపదే వదులవుతుంటే బిగించి దాని తల మీద రంగులేని గోళ్ల రంగు ఒక చుక్క వేయండి. చున్నీతోనో చొక్కా అంచుతోనో పొడిగా తుడవకండి, అద్దం మీదున్న దుమ్మే గీతలు పెడుతుంది, ముందు నీళ్ల కింద పెట్టి కడగాలి.

వెండి పట్టీలు నల్లబడ్డాయి

వెండి మంచిది కాదనో, వేసుకున్న పిల్లకి ఒంట్లో వేడి చేసిందనో అంటారు. ఆ మాట విని ఆడపిల్లల్ని మందుల దాకా తీసుకెళ్లినవాళ్లని చూశాను, అందుకే ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను. గాలిలో, చెమటలో ఉండే గంధకం వెండితో కలిస్తే పైన నల్లటి పొర కడుతుంది. మేలిమి వెండి కూడా నల్లబడుతుంది. రబ్బరు బ్యాండ్ చుట్టి దాచినా నల్లబడుతుంది, ఎందుకంటే రబ్బరులో గంధకం ఉంటుంది.

టూత్‌పేస్టుతో రుద్దితే తెల్లబడతాయి, నిజమే, కానీ ప్రతిసారీ కాస్త వెండి కూడా అరిగిపోతుంది. దానికి బదులు, రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకు గిన్నెలో పరిచి, పట్టీలు ఆ రేకుకి ఆనుకునేలా పెట్టి, చెంచా వంట సోడా, చెంచా ఉప్పు చల్లి మరిగిన నీళ్లు పోయండి. కుళ్లిన గుడ్డు వాసన లాంటిది కాస్త వస్తుంది, భయపడకండి, అది వెండిని వదిలిన గంధకం వాసనే. కిటికీ తీసి ఉంచండి. అయిదు పది నిమిషాల్లో నలుపు తగ్గి రేకు మాసిపోతుంది. మువ్వల సందుల్లో మిగిలితే నీళ్లు, రేకు మార్చి మళ్లీ చేయండి. ముత్యాలు, రాళ్లు పొదిగినవి, బంగారు పూత ఉన్నవి, డిజైన్ కోసం కావాలనే నల్లగా చేసినవి మాత్రం ఇందులో వేయకండి. తీశాక మంచినీళ్లతో కడిగి, మెత్తటి పాత నూలుచీర ముక్కతో తడి లేకుండా తుడిచి, గాలి పోని ప్లాస్టిక్ కవర్లో ఒక సుద్దముక్కతో పాటు పెట్టండి. సుద్ద తేమని పీల్చుకుంటుంది, ఏడాదికోసారి కొత్త ముక్క మార్చుకుంటే చాలు.