ఈనిన ఆవుకు పది రోజుల కాపలా

ఆవు ఈనగానే ఇంట్లో అందరి చూపూ దూడ మీద, జున్నుపాల మీద ఉంటుంది. నేను మాత్రం థర్మామీటరు పట్టుకుని ఆవు వెనక నిలబడతాను. మూడేళ్ల కిందట మా జెర్సీ సంకర ఆవుకు మాయ (దూడ పుట్టాక బయటపడాల్సిన పొర) పడలేదని తొందరపడి చేత్తో లాగించాను. సగం తెగి లోపలే ఉండిపోయింది. వారం తిరగకముందే చీము పట్టింది. అది మళ్లీ చూడి కట్టేసరికి ఏడాది దాటింది. మా కొల్లిపర వైపు ఇంకెవరూ ఆ పని చేయకూడదనే ఇది రాస్తున్నాను.

మాయ 12 గంటలు దాటినా వేలాడుతుంటే డాక్టరును పిలవండి. లాగవద్దు, రాయి కట్టవద్దు. గర్భాశయం లోపలి పొర చిరిగితే క్రిములకు దారి ఇచ్చినట్లే. ఈనిన ఆవులన్నింటికీ దాదాపుగా లోపలికి బాక్టీరియా చేరుతుంది. ముందు ఈ.కోలై, దాని వెనక చీము పట్టించే రకాలు. బలంగా మేస్తున్న ఆవు చాలావరకు తనంతట తానే వాటిని వదిలించుకుంటుంది. కష్టపు కాన్పు అయినా, కవలలు పుట్టినా, మాయ నిలిచినా ఆ శక్తి తగ్గుతుంది.

మైల, అంటే ఈనాక వచ్చే స్రావం విషయంలో రంగు కంటే వాసననే నమ్ముతాను. రెండు వారాల పాటు ఎర్రగానో గోధుమ రంగులోనో వాసన లేకుండా రావడం సహజం. నీళ్లలా పలచబడి కుళ్లు వాసన వస్తే ఆ పూటే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోను చేయండి.

జ్వరం పది రోజులూ పొద్దున్నే చూడాలి. గుంటూరు ఎండల్లో మధ్యాహ్నం చూస్తే జబ్బు లేని సంకర ఆవుకూ ఎక్కువే చూపిస్తుంది. థర్మామీటరుకు దారం కట్టి, తోక వెంట్రుకలకు ముడివేసి, మలద్వారంలో పెట్టండి. 101.5 డిగ్రీలు మామూలు. 103 దాటితే, మేత వదిలేస్తే ఆలస్యం చేయవద్దు. యాంటీబయాటిక్ ఇచ్చాక డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు పాల కేంద్రంలో పోయవద్దు, దూడకూ పట్టవద్దు.

మూడు వారాలు దాటాక వచ్చే చీముకు జ్వరం ఉండదు, ఆవు బాగానే తింటుంది. అందుకే చాలామంది గమనించరు. ఎదకు వచ్చినప్పుడు వేలాడే జిగురు తీగ గాజులా తేటగా ఉందో లేదో చూడండి. తెల్లటి తునకలు కనిపిస్తే ఆ ఎదకు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించకుండా ముందు చికిత్స చేయించండి. అంతా బాగున్నా 60 రోజులలోపు నేను సూది వేయించను.

ఆ జెర్సీ సంకర ఆవు ఇప్పుడు తొమ్మిదో నెల చూడి. పాకలో ఒక మూల కడిగి, ఆరబెట్టి, కొత్త వరిగడ్డి పరిచి ఉంచాను.